క్రేన్ గుర్తు పెట్టుకున్న చోటు

అరబ్బుల దేశంలో, అల్ ఖోర్ రేవులో నేను పనికి చేరిన లాంచి సరంగుది మా శ్రీకాకుళం తీరమే. నాకు చుట్టం కాకపోయినా పడవ మీద అందరం ఆయన్ని మావా అనే పిలిచేవాళ్ళం. ఖాళీ బుట్ట పైకి వస్తే గంగమ్మను నోటికొచ్చినట్టు తిట్టేవాడు. నిండుగా వస్తే ఆ తల్లి ఊసే ఎత్తేవాడు కాదు. దేవుళ్ళతో ఆయన లెక్క అలాంటిది.

మా వేట హమూర్ చేపకి. ఇనుప తీగతో అల్లిన గుండ్రటి బుట్టల్ని ఇక్కడ గర్గూర్ అంటారు. చేప లోపలికి వెళ్ళగలదు, బయటికి రాలేదు. వాటిని ఒకే తాడుకు వరసగా కట్టి రాళ్ళున్న చోట దించేవాళ్ళం. పైన తేలే గుర్తు మాత్రం కట్టేవాళ్ళం కాదు. కడితే పక్క లాంచి వాళ్ళు లాగేసుకుంటారు. మళ్ళీ వచ్చినప్పుడు కొంకిని నీటి అడుగున ఈడ్చి ఆ తాడును పట్టుకోవాలి.

చోటు ఎలా గుర్తుంటుందంటే, మా ఊళ్ళో కొండ కొనను, ఒడ్డునున్న తాటిచెట్టును ఒక వరసలోకి తెచ్చుకుని గుర్తుపడతారు. ఇక్కడ కొండా లేదు, తాడీ లేదు. అందుకని మావ ఉత్తరాన రాస్ లఫాన్ గ్యాస్ ఫ్యాక్టరీ మంటను చూసుకుని, ఒడ్డున కడుతున్న ఒక మేడ మీది క్రేన్‌ను నీళ్ళ ట్యాంకు వరసలోకి తెచ్చుకునేవాడు. లాంచిలో జీపీఎస్ ఉంది. ఆ చోటు దగ్గరికి రాగానే దాన్ని ఆపేయించేవాడు.

"దాన్లో నొక్కినామంటే నా సోటు రేవందరి సోటైపోద్దిరా," అనేవాడు.

మేడ పూర్తయింది. క్రేన్‌ను విప్పి తీసుకుపోయారు. కొంచెం అవతల ఇంకో మేడ మీద ఇంకో క్రేన్ లేచింది. మావ దాన్నే పాతది అనుకున్నాడు. ఆ రోజంతా కొంకి ఈడ్చినా తాడు తగల్లేదు. తప్పు తెలిసేసరికి పొద్దు వాలింది. కదిలిపోయేదాన్ని కొండ అనుకున్న సరంగును నేనెక్కడా చూడలేదు. నవ్వొచ్చింది గానీ నవ్వలేదు.

తర్వాత తాడుకు ఇనుప గుండు కట్టి వదిలి, రాయి తగిలేదాకా వెతికి ఆ రాళ్ళ చోటును మళ్ళీ పట్టుకున్నాం. పోయిన బుట్టలు మాత్రం దొరకలేదు. కొత్తవి దించాం. అప్పటి నుంచే హమూర్ తగ్గుతూ వచ్చింది. ముందు పెద్దవి పోయాయి, తర్వాత మధ్యరకం, చివరికి పిల్లలు. మావ నీళ్ళు వేడెక్కాయన్నాడు. గ్యాస్ ఓడల్ని తిట్టాడు. పక్క లాంచి బెంగాలీల్ని కూడా తిట్టాడు.

లాంచి యజమానికి ఇవేవీ పట్టలేదు. ఆయన్ని అర్బాబ్ అనేవాళ్ళం. ఒక పొద్దున రేవులో ఐసు పెట్టెలు తెరిచి చూసి, "హమూర్ మాఫీ, వీజా మాఫీ," అన్నాడు. మాఫీ అంటే ఇక్కడ లేదని. చలికాలం అయ్యేలోగా హమూర్ పడకపోతే మావ ఇంటికే. ఆ ముసలితనంలో ఆయన్ని ఇంకో లాంచి ఎక్కించుకునేవాడు లేడు. ఆ రోజు మావ అన్నం ముట్టలేదు. నాకు జాలేసింది.

చలి తగ్గుతుండగా కొంకికి బరువు తగిలింది. లాగితే పాచి పట్టి, తాడు తెగిన మా పాత బుట్ట ఒకటి. తాడుకి వేసిన ముడి మావదే. లోపల అడుగంతా ముళ్ళు, తలకాయలు. వాటి మధ్య బతికున్న పెద్ద హమూర్ ఒకటి, తల మాత్రం పెద్దదిగా ఉండి ఒళ్ళు చిక్కిపోయి ఉంది. లోపల చచ్చిన చేపే ఎర అయి ఇంకో చేపను రప్పించింది. తీసేవాడు లేకపోయినా బుట్ట ఇన్నాళ్ళూ పడుతూనే ఉంది. కంచే చేను మేసిందంటారే, అదే.

మావ గంగమ్మను తిట్టలేదు. చేపను ఐసులో పెట్టి, "జీపీఎస్ ఎయ్యి, ఇక్కడ నొక్కు," అన్నాడు. నొక్కాను.

అర్బాబ్ ఆ చేప పొడవు చూసి మురిసిపోయాడు. "జేన్, జేన్! కల్ ఫిర్ ఉధర్ డాలో," అన్నాడు. బాగుంది, రేపు మళ్ళీ అక్కడే బుట్టలు వెయ్యమని. మావ నోరు మూసుకుని ఉంటే వీజా నిలిచేది.

"ఉధర్ మాఫీ, అర్బాబ్," అన్నాడు మావ. "హమారా గర్గూర్ సబ్ ఖా గయా." మా బుట్టలే అన్నీ తినేశాయని. అక్కడ కొత్తవి వెయ్యొద్దని, పోయినవి తియ్యనిమ్మని అడిగాడు. అర్బాబ్ ఆ సీజన్ చివరిదాకా తియ్యనిచ్చాడు. ఆ తర్వాత మావను పంపేశాడు.

ఇప్పుడు సరంగును నేనే. ఆ దారిన వెళ్ళినప్పుడల్లా మిగిలిన బుట్టల కోసం కొంకి వేస్తాను. మొన్న ఇంకో బుట్ట తగిలింది. ఆ సాయంత్రం మావ ఫోన్ చేస్తే చెప్పాను.

"లోపల ఏటున్నాదిరా?" అని అడిగాడు.

"ఏటీ నేదు మావా. అడుగు తుప్పట్టి ఊడిపోనాది. కాళీ బుట్టే."



"అమ్మయ్య," అన్నాడు. "తల్లీ గంగమ్మా."