వంతెన దాకా వచ్చిన డ్రైవరు

పోయిన మంగళవారం పొద్దున పల్ప్ ఫ్యాక్టరీ గేటు దగ్గర, మామిడికాయల ట్రాక్టర్ల వరుస పక్కన వ్యాను ఆపి మా ఆడవాళ్ళను దింపబోతుండగా నాయన ఫోను చేశాడు. "మిలిటరీ పెదనాయన పోయినాడు పాపా. కాఫీ తాగి కుర్చీలో ఆనుకున్నాడంట, అంతే." నా ముఖం చూసి ఎవరూ దిగలేదు. గేటు కాడ సైరన్ మోగినా అందరం ఆ వ్యానులోనే కూర్చుండిపోయాం. అది ఆయన వ్యానే.

ఆయన మాకు చుట్టం కాడు, ఎదురింటి మనిషి. సైన్యంలో ట్రక్కు తోలి, హవల్దారుగా రిటైరై బంగారుపాళ్యం వచ్చాడు. ఒక పాత వ్యాను తీసుకుని మామిడి కాలంలో మా ఊరి ఆడవాళ్ళను ఫ్యాక్టరీకి తిప్పేవాడు. ఇంటర్ తప్పి నేను కాయలు కోసే పనికి చేరింది ఆ వ్యానెక్కే. డ్రైవింగ్ నేర్పిందీ ఆయనే. "ఆడపిల్లకు ఇదంతా ఎందుకన్నా?" అని మా అమ్మ అడ్డుపడితే, "తోలేది ఆడో మొగో బండికేం తెలుస్తాదిమ్మా" అని తాళం నా చేతిలో పెట్టాడు. హైవే మీద మొదటిసారి లారీల మధ్య ఇరుక్కుని నేను కేకలు పెడుతుంటే, పక్కన కూర్చుని ఒక్కసారి కూడా స్టీరింగు మీద చెయ్యి వెయ్యలేదు. "భయపడు, ఏం కాదు. బ్రేకు మాత్రం మరిచిపోవద్దు" అన్నాడు.

ఆయనకొక అలవాటుండేది. అందరూ ఎక్కాక వెనక్కి తిరిగి చెప్పేవాడు. "ఇప్పుడు ఫ్యాక్టరీకి పోతా ఉండాము. దావలో టీకొట్టు కాడ నిలపతాను, ఇంకో ఇద్దరు ఎక్కల్ల. అరగంటకు ఆడుంటాము." రోజూ ఇదే. ఒకరోజు ఒకామె నవ్వింది. "దినామూ పొయ్యేదే గదా సామీ, మాకు తెలీదా?" ఆయన నవ్వలేదు. "తెలిసినా సెప్పల్ల. యాడికి పోతా ఉండామో సెప్పకుండా బండి తీయకూడదు" అన్నాడు.

అట్లా ఎందుకంటాడో ఒక వానరోజు చెప్పాడు. రోడ్డు మీద నీళ్ళు పారుతుంటే, తగ్గేదాకా వ్యాను పక్కకు ఆపుకున్నాం.

సర్వీసులో ఉండగా ఆయన్ను శాంతిసేనతో ఆఫ్రికాకు, కాంగో తూర్పు సరిహద్దుకు పంపారు. పక్క దేశంలో యుద్ధం జరిగినప్పుడు పిల్లలుగా పారిపోయి వచ్చి, కాంగో అడవుల్లో తిరుగుబాటుదారులుగా పెరిగినవాళ్ళు అక్కడ చాలామంది ఉన్నారట. తుపాకీ అప్పగించినవాళ్ళను పెళ్ళాం బిడ్డలతో సహా సొంత దేశానికి పంపేవారు. శిబిరం నుంచి సరిహద్దు వంతెన దాకా ట్రక్కు తోలడం పెదనాయన పని. వంతెనకు ఆ పక్క ఒక సైన్యం, ఈ పక్క ఒక సైన్యం. ఏ పూట ఏం మొదలవుతుందో తెలిసేది కాదు.

"శిబిరంలో ఆడోళ్ళు మొక్కజొన్న పిండితో సంగటి కెలికేటోళ్ళు" అన్నాడు. "అదే కట్టె, అదే కెలుకుడు. మా యమ్మే కూర్చోనుండాదా అనిపించింది. నేను సూస్తా నిలబడితే ఒకామె ముద్ద చేసి చేతిలో పెట్టింది. మన సంగటే పాపా అది."

మరునాడు ఆ ముద్ద పెట్టినామె, ఆమె భర్త, ఇద్దరు ఆడపిల్లలు ఆయన ట్రక్కు ఎక్కారు. సగం దారిలో కొండ అవతల ఫిరంగులు పేలాయి. ట్రక్కును ఆపేశారు. ఎందుకు ఆగిందో, వంతెన ఇంకెంత దూరమో వెనకున్నవాళ్ళకు ఎవరూ చెప్పలేదు. తమను చంపడానికి అప్పగిస్తున్నారనుకున్నాడు ఆ భర్త. కిందికి దూకి గడ్డిలోకి పరుగెత్తాడు. కాపలావాడొకడు తుపాకీ ఎత్తాడు. పెదనాయన దిగి ఆ తుపాకీకి అడ్డం నిలబడి, "ఉత్త చేతులు! ఉత్త చేతులు!" అని అరిచాడట, తెలుగులోనే. తుపాకీ దిగింది. పారిపోయిన మనిషి మాత్రం దొరకలేదు.

"ఆయమ్మ ఏడవలేదు. చిన్నబిడ్డ నోరు మూసిపెట్టుకోని నన్నే సూస్తా ఉండాది. ఎంత దూరముండాదో నాకు తెలుసు గదా. మా మాట వాళ్ళకు సెప్పే దుబాసీ నా పక్కనే ఉండె. వాడితో ఒక్కమాట సెప్పించింటే ఆయప్ప దూకేవాడు కాదు."

అక్కడి నుంచి ప్రతి మలుపూ ఆమెకు చెప్పించాడు. వంతెన మీద ఆమె కాళ్ళు కదల్లేదు. ఈయన వెంట నడిచాడు. మధ్యలో సరిహద్దుగా గీసిన గీత దాటడానికి ఆయనకు అనుమతి లేదు. అక్కడ ఆగిపోతే, ఆమె ఇద్దరు పిల్లలతో దాటి వెళ్ళింది.

కథ అక్కడ ఆపేశాడు. ఆయన ముఖం చూసి మేమెవరమూ తర్వాతేమైందని అడగలేదు.

పోయిన నెల ఆ సరిహద్దులో మళ్ళీ యుద్ధమని టీవీలో చూపించారు. మూటలు నెత్తిన పెట్టుకుని నడిచే జనాన్ని ఆయన తెరకు దగ్గరగా జరిగి చూస్తున్నాడు. మామిడి ముక్కలు తెచ్చిచ్చి, ఆ ధైర్యంతో అడిగాను. "పెదనాయనా, ఆ మనిషి ఏమైనాడు?"

"వచ్చినాడు" అన్నాడు.

"మరి ఇన్నేండ్లూ సెప్పలేదే?"

"సెప్తే నా తప్పు మాసిపోయినట్టు ఉంటాదని." టీవీ కట్టేసి మొదలుపెట్టాడు.

ఆ తర్వాత ఎన్నిసార్లు ట్రక్కు తీసుకుపోయినా, వంతెన అవతల తెల్ల గుడారం పక్కన ఆమె నిలబడి ఉండేదట. ఈయన రాలేదని తల అడ్డంగా ఊపేవాడు. ఆమె పిల్లల్ని తీసుకుని వెనక్కి వెళ్ళిపోయేది. నెలన్నర అట్లాగే గడిచింది. ఒకరోజు బక్కచిక్కిన మనిషొకడు శిబిరానికి నడిచొచ్చి, మీసాల డ్రైవరు ఎక్కడని అడిగాడు. పెదనాయన అతన్ని ముందు సీట్లో తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. దుబాసీతో దారంతా చెప్పించాడు. ఇది మలుపు, ఇది చెక్‌పోస్టు, ఇక్కడ ఆపుతారు, భయం లేదు. ఆ రోజు వంతెన గేటు మూసి ఉంది. పొద్దున్నించి నడినెత్తికి ఎండ వచ్చేదాకా ఇద్దరూ ట్రక్కులోనే కూర్చున్నారు. అతను దూకలేదు.

గేటు తీశాక గీత దాకా కలిసి నడిచారు.

"ఆయమ్మ ఉరికొస్తాదనుకుంటిని పాపా. రాలేదు. చిన్నబిడ్డ గౌను రవంత సర్ది, కొంగుతో మొగం తుడిసింది. మళ్ళా ఆ బిడ్డ బుజాలు పట్టుకోని, వంతెన తట్టు తిప్పి, నాయన కనపడేటట్టు నిలబెట్టింది."