సుజాత వద్దన్న సిఫారసు

పిల్లలూ, మీ అమ్మ ఇది మీకు చదివి వినిపిస్తుంది. మధ్యలో తను ఆగిపోతే ఆగనివ్వండి. తనకీ ఈ సంగతి తెలియదు. సుజాత అనే పేరు వినబడితే చాలు, ఇన్నేళ్ళుగా నాకు ఆ పూట అన్నం సయించదు. ఎందుకో చెప్పేస్తాను.

మీరు అక్కడ ఆస్ట్రేలియాలో పుట్టకముందు, ఇక్కడ ఐర్లండ్‌లో నేను మా కౌంటీ కౌన్సిల్‌కి గెలిచాను. మన తెలుగువాళ్ళంతా 'కౌన్సిలర్ ఆంటీ' అనేవారు. ఆ పిలుపంటే నాకు ఎంత ఇష్టమో మీ తాతగారికి కూడా చెప్పలేదు.

ఆ పదవికి ఒక హద్దు ఉంది. బడ్జెట్‌కి చెయ్యెత్తేది మేము. ఊరు ఎటు పెరగాలో తేల్చేది మేము. ఉద్యోగుల సంగతి మాత్రం పూర్తిగా కౌన్సిల్‌ని నడిపే మేనేజర్‌ది. ఎవరిని తీసుకోవాలన్నా, ఎవరిని తీసెయ్యాలన్నా ఆయనే. మేము వేలు పెట్టకూడదు. పైగా, అభ్యర్థి ఎవరిచేతైనా చెప్పించుకుంటే ఆ అభ్యర్థినే పక్కన పెట్టేస్తారు. ఇదంతా నాకు తెలుసు. కానీ వార్డు మెంబరు ఒక్క మాటంటే పనులైపోయే చోట పెరిగినదాన్ని. తెలుసు కానీ, లోపల నమ్మలేదేమో.

సుజాత గుంటూరులో లైబ్రరీ సైన్స్ చదివింది. ఇక్కడ నర్సింగ్ హోమ్‌లో ముసలివాళ్ళకి స్నానాలు చేయించేది. కౌంటీ లైబ్రరీలో ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఇచ్చి, నేరుగా మా వంటింట్లోకి వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"ఆంటీ, మీరు మాత్రం ఎవరితోనూ అనకండి. మా ఆయన రమేశ్ ఎవరినన్నా పట్టుకుందామంటాడు. నోరు మూసుకుని కూర్చోమన్నాను."

"నేనెందుకు అంటానమ్మా? నా చేతిలో ఏముందని?"

నవ్వుతూనే అన్నాను. కానీ నా చేతిలో ఏమీ లేదన్న ఆ మాట నన్నే కుట్టింది. గెలిచి ఏం లాభం, మన పిల్ల ఒక్కతెకి సాయం చెయ్యలేకపోతే? సాయమేనా అది? నా మాట కూడా చెల్లుతుందని చూసుకోవాలనిపించిందా?

మీటింగయ్యాక టీ దగ్గర మేనేజర్‌తో అనేశాను. లైబ్రరీకి వచ్చిన సుజాత మా అమ్మాయేనని, చాలా మంచిదని. ఆయన కప్పు కింద పెట్టాడు. ఆ అమ్మాయి మిమ్మల్ని అడగమందా, అని మెల్లగా అడిగాడు.

నాకు దారి ఇచ్చాడు పిల్లలూ. లేదు, వద్దని మరీ చెప్పింది, అంటే చాలు. అప్పుడు తప్పు నా ఒక్కదానిదే అయ్యేది, కౌన్సిల్‌లో నన్ను సంజాయిషీ అడిగేవారు, 'కౌన్సిలర్ ఆంటీ' నలుగురిలో తలదించుకునేది. అందుకని, మా ఇంటి పిల్లలాంటిది కదా అని నవ్వి ఊరుకున్నాను. ఇక్కడివాళ్ళు 'సరేలే' అన్నట్టు ప్రతిదానికీ అనే 'గ్రాండ్' కూడా ఆయన అనలేదు.

సుజాతని తప్పించారు. ఏడుస్తూ వచ్చింది.

"ఎవరో నా తరఫున చెప్పారటాంటీ. పేరు చెప్పరట. మా ఆయనే అయ్యుంటాడు, కదూ?"

"అయ్యుండొచ్చమ్మా. మగాళ్ళు ఊరుకోరు."

ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. నేనేనా అన్నది?

రమేశ్ పిల్లల మీద ఒట్టేశాడు. ఆమె నమ్మలేదు. మళ్ళీ లైబ్రరీ వైపు చూడలేదు. ఇప్పుడు ఎన్నిస్ అనే ఊళ్ళో ఉంటున్నారు. అక్కడా నర్సింగ్ హోమే. ప్రతి ఉగాదికీ ఫోన్ చేసి నా మోకాళ్ళ నొప్పుల గురించి అడుగుతుంది. ఏదో మాటల్లో, "మా ఆయన సంగతి మీకు తెలుసుగా ఆంటీ, నోట్లో మాట నిలవదు" అంటుంది. ఇప్పటికీ. వెనకాల రమేశ్ ఉంటాడు. అతని దగ్గు వినబడుతుంది. నేనూ ఊఁ కొడతాను.

మంచి చేద్దామనే కదా అని ఎన్నోసార్లు సర్దిచెప్పుకున్నాను. మొదటి మాట వరకూ అది సగం నిజమేననుకోండి. ఆ తర్వాత నవ్వి ఊరుకున్నానే, దానికేం చెప్పను? అతని మీదకి తోసేశానే, దానికి?

మీరు నన్ను క్షమించాలని అడగను. అది మీ చేతిలోది కాదు. సుజాతకి చెప్తానని మాట కూడా ఇవ్వను. ఏటా ఉగాదికి ముందు నాకు నేను ఇచ్చుకున్న మాటలు ఏమయ్యాయో నాకు తెలుసు. అయినా ఇవాళ కొంచెం ఊపిరి ఆడుతోంది, ఒక్క ఇంట్లోనైనా నిజం తెలిసింది కదా అని.

రమేశ్ ఎవరితోనూ ఏమీ అనలేదు. అన్నది నేను.