దొరగారి చక్రాల కుర్చీ

పాము పగ పన్నెండేళ్ళంటారు. కుర్చీలత్త పగ ముందు అది పాలు తాగే పసిబిడ్డ. ఇళ్ళల్లో ఉండే రోగులకు కావలసిన మంచాలూ చక్రాల కుర్చీలూ అద్దెకివ్వడం ఆవిడ వ్యాపారం. నాలుగో అంతస్తులో కాపురం. తోడు, దొర అనే ముసలి కుక్క. దొరకు నడుం పడిపోయింది. మెట్లెక్కిస్తే ఇక లేవడని పశువుల డాక్టరు తేల్చేశాడు.

సరిగ్గా అప్పుడే భవన సంఘం అధ్యక్షుడు లిఫ్టు పక్కన బోర్డు తగిలించాడు: "కుక్కలకూ, కుక్కల సామానుకూ ప్రవేశం లేదు." ఆయన మీసాలు ఎంత పొడవంటే, అవి లిఫ్టులోకి వెళ్ళిన కాసేపటికి వెనకాల ఆయన వెళ్ళేవాడు.

"పెంపుడు జంతువును లిఫ్టెక్కనివ్వకపోతే చట్టం ఒప్పుకోదు, అన్నయ్యగారూ," అంది కుర్చీలత్త.

"ఆ చట్టమేదో మీ కుక్కకు చదివి వినిపించు చెల్లెమ్మా!" అన్నాడు మీసాలాయన. చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు.

ఆ నవ్వు ఆవిడ గుండెలో ముల్లై దిగబడింది. రోజూ తన కొట్టులోంచి పాత చక్రాల కుర్చీ తెచ్చి, దొరను అందులో పడుకోబెట్టి, మెట్టు మెట్టుకూ లాక్కుంటూ పైకి చేర్చేది. ప్రతి కుదుపుకూ దొర మూలిగేవాడు. ప్రతి మూలుగుకూ ఆవిడ మీసాలాయన్ని తలుచుకునేది, భక్తితో మాత్రం కాదు.

కొన్నాళ్ళకు ఇంకా పెద్ద అక్షరాల బోర్డు పెడదామని మీసాలాయన స్టూలెక్కి, జారి, కాలు విరగ్గొట్టుకున్నాడు.

"వదినా, ఆస్పత్రి నుంచి తీసుకొస్తున్నారు. ఒక కుర్చీ కావాలి," అంటూ ఆయన భార్య కొట్టుకు పరిగెత్తుకొచ్చింది.

కుర్చీలత్త చెయ్యి తిన్నగా ఆ పాత కుర్చీ మీదే పడింది.

మీసాలాయన్ని అందులో కూర్చోబెట్టి, లిఫ్టు దాకా తోసుకొచ్చి, టక్కున బ్రేకు వేసింది.

"లోపలికి పోనియ్యి చెల్లెమ్మా, ప్రాణం పోతోంది!"

"కుదరదు అన్నయ్యగారూ. ఈ కుర్చీ మా దొరది. కుక్క సామాను. మీ బోర్డు మీరే చదువుకోండి."

ఆయన ప్యాంటు చూసుకున్నాడు. నిండా కుక్క వెంట్రుకలే.

"మెట్లున్నాయిగా! దొరను లాగి లాగి నాకు అలవాటైపోయింది," అంటూ ఆవిడ కుర్చీని వెనక్కి తిప్పి ఒక్క మెట్టు ఎక్కించింది.

"అమ్మోయ్!" ఆయన కేకకు భవనం నాలుగంతస్తుల్లోనూ తలుపులు తెరుచుకున్నాయి. "పీకెయ్యండా బోర్డు!"

"తగిలించిన చేతులే పీకాలి."

ఆవిడ కుర్చీని దించి బోర్డు కిందికి తోసింది. ఆయన చేతికర్రతో పొడిచీ పొడిచీ దాన్ని ఒళ్ళో పడేసుకున్నాడు. ఈసారి నవ్వినవాళ్ళు మునుపటివాళ్ళే.

"ఇప్పుడు చట్టం చదివి వినిపించనా?" అంటూ ఆవిడ దొరను తెచ్చి ఆయన ఒళ్ళో పడుకోబెట్టి, కుర్చీని లిఫ్టులోకి తోసి మీట నొక్కింది. పైకి చేరేలోపు దొర చొంగకు మీసాలు రెండూ తడిసి వేలాడాయి.

కొట్టులో కొత్త కుర్చీలు వరసగా ఉన్నాయన్న సంగతి, కాలి కట్టు విప్పేదాకా ఆవిడ ఆయనకు చెప్పనేలేదు.