నేను ప్రకాశాన్ని క్షమించిన ఆదివారం

చేయని తప్పుకు శిక్ష పడినవాళ్లను మీరు చూసే ఉంటారు. చేయని తప్పుకు నిండు సంఘంలో క్షమాభిక్ష పొందినవాణ్ణి మాత్రం చూసి ఉండరు. అలాంటివాణ్ణి ఒకణ్ణి నేను స్వయంగా తయారు చేశాను.

కొన్నేళ్ల కిందట, హిందీవాళ్ల ఊరైన గోల్‌మురిలోని మా తెలుగు సంఘంలో ఆరాధనను లైవ్‌లో పంపే బాధ్యతను పాస్టరుగారు ప్రకాశం నుంచి తీసి నాకిచ్చారు. ఆనాటి నుంచి ప్రకాశం నాతో మరీ మర్యాదగా మాట్లాడసాగాడు. నాకు అక్కడే అనుమానం. చిన్నప్పటి నుంచి వాక్యం చదివినవాణ్ణి. ఏదెనులో సర్పం కూడా తియ్యగానే మాట్లాడిందని నాకు తెలియదా?

ఆ ఆదివారం మరియమ్మత్త మనవరాలు రూతు మొదటిసారి ఒంటరిగా పాడబోతోంది. తుంటి విరిగి మంచాన ఉన్న అత్త భాలుబాసాలోని ఇంట్లో టీవీ ముందు కాచుకుని ఉంది. కెమెరా, మైకుల తీగలన్నీ నా ల్యాప్‌టాప్‌కే. తెరిచాను. వైఫై గుర్తు నిండుగా ఉంది, పేజీ మాత్రం తెరుచుకోదు.

"నీ ఫోన్లో నెట్ వత్తన్నాదా?" అని రూతుని అడిగాను.

"మస్త్ చల్ రహా హై, అంకుల్!" బ్రహ్మాండంగా వస్తోందట.

నా ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపినా అంతే. ఔరా, ప్రకాశం చెయ్యి నా ఫోన్‌దాకా వచ్చిందన్నమాట! చూస్తే అతను వైఫై డబ్బా కిందే కూర్చుని, కళ్లు మూసుకుని ప్రార్థిస్తున్నాడు. ఏ పాపం ఎరగనివాడు అంత గట్టిగా కళ్లు మూసుకుంటాడా, మీరే చెప్పండి.

ఇంతలో మరియమ్మత్త ఫోను. "ఒరే జోసెఫూ, ఏటిరా, చక్రం తిరుగుతన్నాది గానీ మనిషి కనబడ్డే?"

"ఇక్కడ సాతాను పని చేత్తన్నాడత్తా!"

"ఆడి పని ఆడు చేత్తన్నాడు, నువ్వేటి చేత్తన్నావు?"

ప్రభురాత్రి భోజనానికి ముందు మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. ఎవరిమీదైనా మనసులో పగ ఉంటే లేచి సమాధానపడాలి, లేదంటే రొట్టె ముట్టకూడదు. పాస్టరుగారు అడగ్గానే లేచాను.

"ప్రకాశం అన్నా! నా నెట్‌కి మీరు చేసిన ద్రోహాన్ని మనసారా క్షమిస్తన్నాను!"

నా మంచితనానికి నాకే కళ్లు చెమర్చాయి. ప్రకాశం ఒక కన్ను తెరిచాడు.

"నేనేటి చేసినాను?"

"అది మీకూ దేవుడికీ తెలుసు. నాకు చెప్పక్కర్లేదు, క్షమించేసినాను."

"నాకొద్దు నీ క్షమ! ముందు నేరమేటో చెప్పు!"

అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి మా ఆవిడ సునీత గొంతు. "ఏటండీ, మొన్న ఆఫీసు వైఫై కోసం ఏదో నంబరు నేనే కొట్టినానని గొప్పలు చెప్పినారు కదా! అది తీసినారా?"

తీయలేదు.

సైటు పేరు చెబితే దాని నంబరు వెతికిచ్చేదాన్ని డీఎన్‌ఎస్ అంటారు. నేను మా ఆఫీసు డీఎన్‌ఎస్‌ను నా చేత్తోనే ల్యాప్‌టాప్‌లో రాసిపెట్టాను. ఆఫీసు గేటు బయట ఉన్నవాళ్లతో అది మాట్లాడదు. నా ల్యాప్‌టాప్ దేవుడి మందిరంలో కూర్చుని కూడా, ఏ నెట్‌కి కలిపినా సరే, ఆఫీసునే దారి అడుగుతోంది.

సెట్టింగును ఆటోమేటిక్‌కి మార్చి లైవ్ నొక్కాను. చక్రం మాయమైంది.

"ఇప్పుడు మళ్లీ లెగు బాబూ," అన్నారు పాస్టరుగారు.

లేచి, ప్రకాశం రెండు చేతులూ పట్టుకుని మైకులో మన్నించమని వేడుకున్నాను.

"ఆలోచించుకోనీ. రొట్టె చల్లారిపోదు కదా," అన్నాడు ప్రకాశం. సంఘమంతా గొల్లున నవ్వింది. ఆ తర్వాతే నన్ను కౌగిలించుకున్నాడు.

రూతు పాడింది. హాల్లో ఎవరూ కదల్లేదు. ఆమె కూర్చోగానే మరియమ్మత్త మళ్లీ ఫోన్ చేసింది.

"పిల్ల బంగారంలా పాడిందిరా," అంది. తర్వాత ముక్కు చీదుకుని, "దానికి ముందు ఏడుపుమొకంతో నువ్వొకటి చేసినావే, అది ఇంకోపాలి పెట్టు. పక్కింటోళ్లు చూడలేదంట!"

ఆ రోజే మోకరించి ప్రమాణం చేశాను: ఈ దేహంలో ప్రాణం ఉన్నంతవరకూ, సెట్టింగులు తెరిచి చూసుకోకుండా ఏ సోదరుణ్ణీ క్షమించను.