కొట్లో గట్టిగా చదివిన మెసేజ్

మా ఆరోగ్య కేంద్రం నుంచి కుర్రాళ్ల ఫోన్లకు సుఖవ్యాధుల గురించి మెసేజ్‌లు పంపే పని నాది. ఇన్నాళ్లూ హిందీలో పంపి, నిన్న తొలిసారి తెలుగులో పంపాను. ఈ సాయంత్రం మా దీవిలోని మిడిల్ పాయింట్ బజారులో కిరాణా కొట్టు సత్యవతిగారు నన్ను నిలదీశారు.

"ఏటి దీదీ ఇది? మా రాజుగాడికి తెలుగు సదవడం రాదు కదా. 'అమ్మా, జరా పఢ్‌కే సునా', కాస్త సదివి ఇనిపించు అని ఫోను నాకిచ్చినాడు. కొట్టు నిండా జనం. 'కండోమ్ లేకుండా ఎవరితోనూ పడుకోవద్దు' అని గట్టిగా సదివీసినాను! బుద్ధుండక్కర్లేదేటి మీకు? ఇంక ఆపీయండి!"

ఇక్కడ హిందీ బడుల్లో చదివిన పిల్లలకు తెలుగు మాటే గాని అక్షరం రాదని నాకు తట్టనే లేదు. తప్పు చేశానా అనిపించింది. కానీ రాజు ఓడ మీద పనిచేస్తాడు, సెలవుకు వస్తే తప్ప నెలల తరబడి రేవుల్లోనే ఉంటాడు; ఈ మాట అలాంటివాళ్లకే అవసరం.

"ఆపను. కావాలంటే హిందీలో పంపుతాను," అన్నాను.

ఆవిడ తల అడ్డంగా ఊపారు.

"హిందీ సదవడం నాకు రాదు. ఆడు సూడకుండా డిలీట్ కొట్టీసినా నాకు తెలీదు. తెలుగులోనే పంపండి. ఈసారి తలుపేసి సదూతాను."

ఇలాంటివి మానమని ఆఫీసులో పెద్దలు గొణుగుతూనే ఉన్నారు. గొణగనివ్వండి, రేపటిది కూడా తెలుగులోనే వెళ్తుంది. ఇంతకీ మీ ఇంట్లో అయితే ఎవరు చదివి వినిపిస్తారు?