బోదురుకప్పలు రోడ్డు దాటే పూట

"కప్పల్లో చూడ్డానికి ఏముంటుందండీ?" అని నన్ను అడగని మనిషి మా ఊళ్ళో లేడు. మా అత్తగారు అడిగారు, స్కూల్లో తోటి టీచర్లు అడిగారు, పాలు పోసే ఆవిడ కూడా అడిగింది. నేను హైస్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. తొంభైల చివర్లో సంగతి. కోనసీమలో కాలవ గట్టు మీద మా ఇల్లు. గట్టు రోడ్డుకి ఒక పక్క కొబ్బరితోట, రెండో పక్క పల్లపు చేలు. తొలకరిలో మొదటి పెద్ద వాన పడితే చాలు, తోటలోని బోదురుకప్పలన్నీ రోడ్డు దాటి చేలోకి బయల్దేరేవి. ఏడాది పొడుగునా బురదరంగులో పడి ఉండే మగ కప్పలు ఆ పూట నిమ్మపండు రంగుకి తిరిగి, గొంతు కింద రెండు నీలం సంచులు ఉబ్బించుకుని అరిచేవి. అదీ పట్టపగలు. మర్నాటికి మళ్ళీ మామూలే.

నాకు కావలసిందల్లా ఆ దాటడం మొదలు నుంచి చివరిదాకా ఒక్కసారి చూడటం. దూరంగా కూర్చోవాలి, అదిలించకూడదు, చేత్తో ముట్టుకోకూడదు. కప్ప చర్మంతోనే నీళ్ళు తాగుతుంది, చర్మంతో ఊపిరి కూడా పీల్చుకుంటుంది; దానికేది తగిలినా లోపలికి పోతుంది. ఈ ముక్క చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది గానీ విన్నవాళ్ళు లేరు.

మొదటి ఏడాది, యానాం వెళ్ళి మందు సీసాలతో తిరిగొస్తున్న ఇద్దరు పెద్దమనుషులు సైకిళ్ళు దిగి, ఆ రంగు నిజమో కాదో తేల్చుకుందామని కప్పల్ని కర్రతో పొడిచి చూశారు. రెండో ఏడాది, గొడుగు లేకుండా వానలో గట్టు మీద కూర్చున్న నన్ను చూసి వీధి వీధంతా పరిగెత్తుకొచ్చింది. "కాలవలో ఎవరు పడిపోయారండీ?" అని ఒకటే కంగారు. ఎవరూ పడలేదంటే నమ్మరు. నమ్మాక కూడా, ఎలాగూ వచ్చాం కదా అని అక్కడే నిలబడ్డారు. వాళ్ళ కాళ్ళ కింద కప్పలు నలిగిపోతుంటే నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. నోటికొచ్చినట్టు అరిచాను. దాంతో నాకు కప్పల టీచరని పేరు పడింది తప్ప ఒరిగిందేమీ లేదు.

మూడో ఏడాది వేసవిలో గట్టు రోడ్డుకి తారు వేశారు. ఊరంతా సంబరపడింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. గోతుల రోడ్డు మీద కాళ్ళీడ్చుకుంటూ పోయే బళ్ళన్నీ ఇక దూసుకుపోతాయి. యానానికి ఆటో తోలే అతను రోజంతా మా ఇంటి ముందు నుంచే తిరుగుతుంటాడు. అతన్ని ఆపి, వాన పడ్డ పూట కప్పలు కనబడితే బండి ఆపమన్నాను, ఎవరినీ చెయ్యి పెట్టనివ్వద్దని కూడా చెప్పాను.

"ఆయ్, అలాగేనండి. మీరంతలా చెప్పాలేంటండీ, ఆపేత్తానండి" అన్నాడు. ఇలాంటి అలాగేనండీలు నేను చాలా విన్నాను. అందుకని పెద్దగా నమ్మకం పెట్టుకోలేదు.

ఆ వాన ఆదివారం మధ్యాహ్నం పడింది. అప్పటికి మేము ఆవకాయ పనిలో ఉన్నాం. మూడో రోజు జాడీ తీసి, అడుగు నుంచి తిరగకలిపి, ఉప్పు చూసి నూనె పొయ్యాలి. ఆ ఏడు కలిపే పని నాది. ఆవకాయ పూర్తయ్యేదాకా చేతికి చుక్క నీరు తగలకూడదు. తడి తగిలితే ఏడాది పచ్చడి బూజు పట్టిపోతుంది. తోటలోంచి మొదటి అరుపు వినబడగానే లేచాను. "ఇంకో చిన్న జాడీ ఉందమ్మా, చెయ్యి కడిగేసుకోకు, పొడిగుడ్డకి తుడుచుకో" అన్నారు అత్తగారు. అలవాటు కొద్దీ తుడుచుకుని పరిగెత్తాను.

రోడ్డు మీద అప్పటికే పదీ ఇరవై కప్పలున్నాయి. పచ్చగా, లావుగా, ఎవరి గొడవా పట్టకుండా గెంతుతున్నాయి. ఇంకా తోటలోంచి వస్తూనే ఉన్నాయి. అంత బాగుంటుందని నేను కూడా అనుకోలేదు. గట్టు వారగా కూర్చోబోతుంటే ఆటో చప్పుడు, దాని వెనక కొబ్బరికాయల లారీ, పెద్ద హారను. అంతే, నాకు మతి పోయింది. మూడేళ్ళ కోపమంతా ఒక్కసారి నెత్తికెక్కింది. ఈ మనుషులు మారరు, ఇక చెప్పి లాభం లేదనుకున్నాను. పరిగెత్తి, దొరికిన కప్పనల్లా రెండు చేతులా ఎత్తి చేనుగట్టు గడ్డిలో వదలడం మొదలుపెట్టాను.

మొదటిది గింజుకుంది. బెదిరిందనుకున్నాను. రెండోది గడ్డిలో పడగానే వెల్లకిలా తిరిగి, ముందుకాళ్ళతో కళ్ళు తుడుచుకోసాగింది. మూడోదాన్ని ఎత్తబోతూ నా చేతులు చూసుకున్నాను. వానకి తడిసి, మణికట్ల దాకా ఎర్రగా కారుతున్నాయి. గోళ్ళ సందుల్లో ఆవపిండి. ఉప్పు, కారం, ఆవ, నూనె. నాకే మండుతోంది.

తలెత్తితే ఆటో ఎప్పుడో ఆగి ఉంది. అతను కిందికి దిగి, లారీకి అడ్డంగా రెండు చేతులూ చాపి నిలబడి ఉన్నాడు. లారీ కూడా ఆగే ఉంది.

"అదేంటండీ టీచర్‌గారూ, చెయ్యెట్టకూడదని మీరే కదండీ చెప్పారు?" అన్నాడు. "లారీని నేనాపేశానండి. ఏంటయ్యిందో తెలీక హారన్ కొట్టాడంతేనండి. అయన్నీ దాటేదాకా కదలడండి."

ఎవరి మీద అరవను? సిగ్గుతో చితికిపోయాను. గడ్డిలో ఆ రెండు కప్పలూ కదలకుండా పడి ఉంటే, వాటి దగ్గర మోకాళ్ళ మీద కూలబడ్డాను. వాన సన్నబడింది. పక్కనే చేలోకి పారే బోదెలో నీళ్ళున్నాయి, కానీ ఈ చేతులతో దోసిలి పట్టి ఆ నీళ్ళెలా పొయ్యను?

"బాబూ, కొంచెం మీ చేత్తో నీళ్ళు పొయ్యండి. ముట్టుకోకుండా, పైనుంచి" అన్నాను, నా చేతులు వెనక్కి పెట్టుకుని.

అతను చేతులు రుద్ది రుద్ది కడుక్కుని, దోసిలితో మెల్లగా పోశాడు. మళ్ళీ మళ్ళీ పోశాడు. నా వెనక రోడ్డు మీద, ఆగిన లారీ ముందు నుంచి, మిగతా కప్పలన్నీ నిమ్మళంగా దాటిపోతున్న చప్పుడు వినబడుతూనే ఉంది. నేను వెనక్కి తిరగలేదు. ఆ రెండిటిలో ఒక్కటైనా కాలు కదుపుతుందేమోనని చూస్తూ ఉండిపోయాను.