వాగియెం మూర్ఛకు పనుల పంపకం

మర్యాద అన్న మాట వింటేనే వాగియెంకు ఒళ్లు మండేది. జావా దీవిలో క్లాతెన్ ఊరి పక్కన వాళ్ల పేటలో ఆమెకు జరిగినంత మర్యాద పెళ్లివారికి కూడా జరిగేది కాదు మరి.

ఆ పేటలో పెళ్లికి వంటవాళ్లను పెట్టుకోరు. ఇరుగుపొరుగు ఆడవాళ్లంతా మూడు రోజుల ముందే కత్తులూ కొబ్బరి కోరాలూ పట్టుకుని పెళ్లింట్లో దిగిపోతారు. దాన్ని రెవాంగ్ అంటారు. అందరూ ఒకే చాప మీద కూర్చుని పని చేస్తారు. ఎవరికి ఏ పనో చెప్పేది తుకినా అనే పెద్దావిడ. ఆ చాప మీద చోటు లేని మనిషికి పేటలోనే చోటు లేనట్టు. నాలుగేళ్ల కిందట ఒక రెవాంగ్‌లో వాగియెం మూర్ఛ వచ్చి పడిపోయింది. నురుగు తగిలితే జబ్బు అంటుకుంటుందని అందరూ గోడకు అతుక్కుపోయారు. ఒక్కతె మాత్రం ధైర్యం చేసి, దూరం నుంచే గరిటె విసిరింది. పళ్ల మధ్య పెట్టాలట!

ఆ తర్వాత ఆమెను రావద్దని ఎవరూ అనలేదు. మొహం మీద అలా అనేంత మోటు మనుషులు కారు. వెళ్లగానే కుర్చీ వేసి, "కూర్చో అక్కా, అలిసిపోతావ్" అని తియ్యటి టీ చేతిలో పెట్టేవారు. కింద అందరూ కూరలు తరుగుతూ ఊరందరి గుట్లు విప్పుతుంటే, ఆమె కుర్చీలో కూర్చుని పెళ్లికొడుకు పెదతాత మోకాళ్ల నొప్పుల గురించి వినాలి. ఇంటికొచ్చి ఏడ్చేది. ఆ ఏడుపు మూర్ఛ కోసం కాదు, చాప కోసం.

ఆరోగ్య కేంద్రంలో నర్సు రెత్నో నెలకోసారి మూర్ఛ ఉన్నవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడిస్తుందని తెలిసి వెళ్లింది. ఏడవడానికని పెద్ద రుమాలు కూడా తీసుకెళ్లింది. తీరా అక్కడ సర్జోనో అనే మాజీ బస్సు కండక్టరు తన గోడు చెబుతున్నాడు.

"స్టాపుల పేర్లు అరుస్తా అరుస్తా పడిపోయానమ్మా. నేనేదో కొత్త స్టాపు చెప్పాననుకుని ఇద్దరు దిగిపోయారు!"

వాగియెం కడుపు పట్టుకుని నవ్వింది. ఈ జబ్బు గురించి నవ్వడం ఆమెకు అదే మొదలు. మనసు తేలికపడి చాప సంగతంతా చెప్పేసింది.

"వాళ్లకి నువ్వంటే భయం కాదక్కా, ఏం చెయ్యాలో తెలీక భయం," అంది రెత్నో. "వాళ్ల చేతికి పనిచ్చి చూడు."

తర్వాతి రెవాంగ్‌లో వాగియెం తనకు వేసిన కుర్చీ ఎక్కి నిలబడింది.

"పడతావే తల్లీ!" అని అరిచింది తుకినా.

"ఆ పడ్డప్పటి సంగతే చెప్తున్నా. తుకినక్కా, గడియారం చూసేది నువ్వు. ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రి బండిని పిలవాలి. సారినెం నన్ను పక్కకి ఒత్తిగిలిస్తది. మురినా తల కింద మెత్త పెడతది. నురుగు తగిలితే జబ్బేమీ అంటుకోదు. నోట్లో ఏమీ పెట్టొద్దు. గరిటె జోలికెళ్లారో, లేచాక మీ పని చెప్తా!"

తుకినాకు చిర్రెత్తింది. "నేనుండగా పనులు పంచడానికి నువ్వెవరివే? సారినెం చీపురుపుల్ల, నిన్నేం తిప్పుద్ది? మురినా తిప్పుద్ది. మెత్త సారినెం!"

ఆ విధంగా వాగియెం మూర్ఛ కూడా తుకినా పెత్తనం కిందికి వచ్చింది. ఆమె చోటు మాత్రం ఇంకా ఆ కుర్చీలోనే.

మర్నాడు మూర్ఛ రానే వచ్చింది. కళ్లు తెరిచేసరికి పెద్ద గొడవ జరుగుతోంది.

"రెండు నిమిషాలే!"

"కాదు, మూడు!"

"గడియారం ఎవరికిచ్చారే? నాకు!" అంటోంది తుకినా.

మురినా చెయ్యి ఇంకా వాగియెం భుజం మీదే ఉంది. నురుగుకు తడిసిన ఆ చేతిని ఎవరూ వింతగా చూడలేదు. వాగియెం గంటసేపు అక్కడే పడుకుంది. తల కుదుటపడ్డాక మెల్లగా లేచి, ఇక తన బతుకింతే అనుకుంటూ, ఎవరూ చెప్పకుండానే కుర్చీ వైపు నడిచింది.

"ఎటే ఆ పోవడం?" కసిరింది తుకినా. "ఇన్ని కొబ్బరికాయలున్నాయి. మీ అత్త వచ్చి కోరుద్దా?"

నాలుగేళ్లుగా వాగియెంను ఎవరూ అలా కసరలేదు. కళ్లనీళ్లు ఆగలేదు. తుడుచుకుంటూనే చాప మీద మురినాను పక్కకు జరిపి కూర్చుంది.

"మా అత్త కోరితే," అంది, "కొబ్బరిలో చిప్ప కూడా తినాలి మీరు."